శ్రమల కాలంలో ‘అయినను’ అని ప్రార్థించడం ఎలా?

నా భార్య మూత్రపిండాల వ్యాధితో మూడేళ్ళు బాధపడి కన్నుమూసింది. ఆ మూడేళ్ళూ ఒంగోలులోని మా సంఘంలో, మా ఇంట్లో, డయాలసిస్ గది బయటి బల్లమీద మేము చేసిన ప్రార్థనలన్నిటిలో ముఖ్యమైనది, ఆమె బాగుపడాలన్నది, నెరవేరలేదు. ఆమె పోయిన తరువాత కూడా నేను ప్రార్థన మానలేదు, సంఘాన్ని విడువలేదు. దీనిలో నా గొప్పతనం ఏమీ లేదు. మా పెద్దలు చిన్నప్పటినుంచి అలవాటు చేసిన కొన్ని పనులు, ఆమె తన పడకమీదనుంచి నాకు నేర్పిన మరికొన్ని పనులు నన్ను నిలబెట్టాయి. వాటిని ఇంకొకరు తమ ఇంట్లో చేసి చూసుకోగలిగేటట్లు రాయాలని చాలాకాలంగా అనుకొంటున్నాను. పొగాకు గిట్టుబాటు కాక కుంగిపోయినవారు, రొయ్యల చెరువుకు తెల్లమచ్చ వ్యాధి సోకి అప్పులపాలైనవారు, హైదరాబాదుకు పనికి పోయిన బిడ్డ ఫోను ఎత్తడం లేదని కుమిలిపోతున్నవారు, ఇంట్లో దీర్ఘరోగి ఉన్నవారు, ఎవరైనా సరే, ఇందులో తమకు పనికివచ్చేది తీసుకోవచ్చు.

ముందుగా నేర్చుకోవలసిన మాట

మన తెలుగు బైబిలులో ‘అయినను’ అనే మాట ఎన్నో చోట్ల కనిపిస్తుంది. చదివేటప్పుడు దానిమీద మనం ఆగము. గెత్సేమనే తోటలో ప్రభువు ముమ్మారు ప్రార్థించాడు. రాబోయే శ్రమ అనే గిన్నె తననుండి తొలగిపోవాలని స్పష్టంగా అడిగాడు. అడిగిన తరువాత, ‘అయినను నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము’ అన్నాడు. గిన్నె తొలగలేదు. షద్రకు, మేషాకు, అబేద్నెగో అనే ముగ్గురు యువకులు నెబుకద్నెజరు ఎదుట నిలబడి, తమ దేవుడు అగ్నిగుండంనుంచి తప్పించగల సమర్థుడని చెప్పి, ఒకవేళ తప్పించకపోయినా రాజు నిలిపిన ప్రతిమకు మాత్రం మొక్కబోమన్నారు. అంజూరపు చెట్లు పూయకపోయినా, ద్రాక్షచెట్లు ఫలించకపోయినా, శాలలో పశువులు లేకపోయినా తాను దేవునియందు ఆనందిస్తానని హబక్కూకు ప్రవక్త పలికాడు. వరుసగా మూడేళ్ళు వానలు తప్పిన సంవత్సరాలను చూసిన కనిగిరి, పామూరు ప్రాంతపు రైతుకు ఆ వాక్యాన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఈ మూడు చోట్లా ఆ మాటకు ముందు ఒకటి ఉంది, తరువాత ఒకటి ఉంది. ముందున్నది కోరిక, తరువాత ఉన్నది అప్పగింత. మనలో చాలామంది ఈ రెండింటిలో ఒకదానినే పట్టుకొంటాము. కొందరు అడుగుతూనే ఉంటారు. అడిగినది జరగకపోతే దేవుడు లేడనో, తనను మరచాడనో తేల్చుకొని వెనుదిరుగుతారు. మరికొందరు అసలు అడగరు. మొదటి మాటగానే ‘అంతా దేవుని చిత్తం’ అని చెప్పి, తల్లి బతకాలన్న కోరికను, బిడ్డ తిరిగి రావాలన్న కోరికను గొంతులోనే నొక్కివేస్తారు. ఈ రెండో పద్ధతి భక్తిగా కనిపిస్తుంది కాబట్టి దానిలోని ప్రమాదం ఎవరికీ కనిపించదు. ప్రభువే అడిగిన చోట మనం అడగకుండా ఉండనక్కరలేదు.

కాబట్టి మొదటి పని ఇది. ఒక నోటుపుస్తకం తీసుకొని మీ కష్టాన్ని ఒకే వాక్యంలో రాయండి. దాని కింద మీకు ఏమి కావాలో, ఏ అలంకారమూ లేకుండా, మరొక వాక్యంలో రాయండి. దాని కింద ‘అయినను’ అని రాసి ఆపండి. ఆ మాట తరువాత మొదటిరోజే ఏదో ఒకటి నింపాలని ప్రయత్నించవద్దు; నిజం కానిది రాయడంకంటె ఖాళీగా ఉంచడం మేలు. నేను పదకొండు రోజులు ఖాళీగా ఉంచాను. పన్నెండోనాడు, ‘అయినను రేపు కూడా ఇదే వేళకు వస్తాను’ అని మాత్రం రాయగలిగాను. ఆ తరువాత ఏడాదిపాటు నేను రాసిన వాక్యాల్లో ఎక్కువ భాగం అంతకంటె పెద్దవి కావు.

మొదటి వారంలో

దుర్వార్త విన్న మొదటి వారంలో విశ్వాసం గురించి పెద్ద ఆలోచనలు చేయకండి. ఏలీయా ప్రవక్త ప్రాణభయంతో పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుండి, ఇక చాలు, నా ప్రాణం తీసికొనుమని దేవుణ్ణి అడిగినప్పుడు దేవదూత అతనికి ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ లేపి తినిపించాడు. దేవుడు అతనితో మాట్లాడింది ఆ తరువాత, నలువది రాత్రింబగళ్ళ ప్రయాణం అయ్యాక. అందువల్ల ఆ వారంలో మూడు పూటలా ఏదో కొంత తినడం, రాత్రి కొన్ని గంటలైనా పడుకోవడం, ఇంట్లో జరిగినదాన్ని బయటివారిలో కనీసం ఒక్కరికైనా చెప్పడం మీ భక్తిలో భాగమే అనుకోండి. ఉపవాస ప్రార్థన మంచిదే. కాని వరుసగా నాలుగు రాత్రులు ఆసుపత్రి వరండాలో కూర్చున్న మనిషి అయిదోనాడు ఉపవాసం మొదలుపెట్టడం నేను చూశాను, ఆయనే పక్క మంచంమీద చేరవలసి వచ్చింది.

ఆ వారంలో మొక్కుబడులు చేయవద్దని మరీ మరీ చెబుతున్నాను. ‘నా బిడ్డ లేచి నడిస్తే మందిరానికి ఇంత ఇస్తాను’ అనే మాట మన ప్రాంతంలో ఎంతో సులువుగా నోటికి వస్తుంది. మొక్కుకొని చెల్లించకపోవడంకంటె మొక్కుకోకుండా ఉండడమే మేలని ప్రసంగి గ్రంథం హెచ్చరించింది. అంతేకాక, ఆ మొక్కు మీకు తెలియకుండానే మీ ప్రార్థనను బేరంగా మారుస్తుంది. ఇవ్వాలని ఉంటే బిడ్డ లేవకముందే, లేస్తాడో లేదో తెలియకముందే, మీకు కలిగినంతలో ఇవ్వండి. దీని గురించి తరువాత ఇంకా చెప్పవలసింది ఉంది.

రోజువారీ ప్రార్థనను పనికి కట్టివేయండి

కష్టకాలంలో తీరిక ఉండదు. గంటసేపు మోకరించాలని నియమం పెట్టుకొన్నవారు మూడోనాటికి దానిని తప్పి, తప్పినందుకు కుమిలి, చివరకు ప్రార్థననే తప్పించుకొని తిరగడం మొదలుపెడతారు. మా నాన్న పొగాకు రైతు. పొగాకు ఆరబెట్టే గది అయిన బ్యారన్‌లోకి ఆకు ఎక్కించిన తరువాత అయిదారు రోజులపాటు వేడిని అంచెలంచెలుగా పెంచుకొంటూ పోవాలి. మొదట ఆకు పసుపుదేరాలి, ఆపైన ఆ రంగు నిలవాలి, ఆకు ఆరాలి, చివరకు ఈనె ఆరాలి. తొందరపడి వేడి పెంచితే ఆకు పచ్చగానే ఎండి ధర పలకదు. అందుకని రాత్రుళ్ళు కూడా ఒక మనిషి లేచి లేచి థర్మామీటరు చూసి మంట సరిచేయవలసి ఉంటుంది. మా నాన్న అలా లేచిన ప్రతిసారీ, బ్యారన్ తలుపు దగ్గర నిలబడి ఒక్క వాక్యం ప్రార్థన చేసేవాడు. రాత్రికి నాలుగైదు సార్లు. ఆయన మోకాళ్ళమీద గంటసేపు ఉండగా నేను ఎన్నడూ చూడలేదు గాని, ప్రార్థించని రాత్రిని మాత్రం చూడలేదు.

అదే పద్ధతిని నా భార్య తన నీళ్ళ గ్లాసుకు కట్టుకొంది. డయాలసిస్ రోగులు రోజుకు ఇంత అని డాక్టరు చెప్పిన కొలతకు మించి నీళ్ళు తాగకూడదు. మే నెల ఒంగోలు ఎండలో అది ఎంత కఠినమైన నియమమో అనుభవించినవారికే తెలుసు. ఆమె ఆ నీటిని చిన్న స్టీలు గ్లాసుతో కొలుచుకొని, గ్లాసు చేతిలోకి తీసుకొన్నప్పుడల్లా ‘ప్రభువా, ఇది ఇచ్చినందుకు స్తోత్రం’ అనేది. మిగిలిన గ్లాసుల గురించి ఆ సమయంలో మాట్లాడేది కాదు. మీరు కూడా రోజూ తప్పనిసరిగా చేసే పనిని ఒకదానిని, మాత్రలు వేయడమో, బర్రె పాలు పితకడమో, తాళం తీసి దుకాణం తెరవడమో, ఎన్నుకోండి. ఆ పని మొదలుపెట్టే ముందు ఒక్క వాక్యం. అంతకు మించి ఎక్కువ నియమం మొదటి నెలలో పెట్టుకోకండి.

సొంతమాటలు రానప్పుడు కీర్తనల గ్రంథాన్ని వాడుకోండి. స్తుతి కీర్తనలతో మొదలుపెట్టవద్దని నా సలహా. పదమూడవ కీర్తన ఆరు వచనాలే, ఎన్నాళ్ళవరకు నన్ను మరచిపోతావన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. నలుబదిరెండవ కీర్తన రాసినవాడు తన కన్నీళ్ళే తనకు అన్నపానాలయ్యాయన్నాడు. ఎనుబదియెనిమిదవ కీర్తన చివరివరకు చీకటిలోనే ఉంటుంది, ముగింపులో కూడా ఆదరణ మాట లేదు; అయినా అది దేవుని గ్రంథంలో చేరింది, శతాబ్దాలుగా భక్తులు దానిని దేవుని ఎదుటనే చదువుతున్నారు. వీటిని మనసులో చదవకండి, పైకి వినబడేటట్లు చదవండి. మీ నోట పలకడానికి భయపడుతున్న మాటలు దావీదు నోట, కోరహు కుమారుల నోట ముందే వచ్చి ఉన్నాయని మీ చెవులు విన్నప్పుడు, దేవునితో కోపంగా మాట్లాడినంత మాత్రాన ఆయనను విడిచిపెట్టినట్లు కాదని మీకే తెలుస్తుంది. యోబు దేవునితో ఎంత తీవ్రంగా వాదించాడో చదివినవారికి తెలుసు. చివరకు దేవుడు గద్దించింది దేవుణ్ణి సమర్థిస్తూ యోబును ఖండించిన స్నేహితులను. నా సేవకుడైన యోబు నన్నుగూర్చి యుక్తమైనది పలికాడని ఆయనే చెప్పాడు.

కొండమీది అయిదుగురిని తలచుకొంటూ ఎదురుచూడడం

ఎదురుచూడడం నేర్చుకోవాలంటే ఒంగోలు పట్టణానికి దూరం పోనక్కరలేదు. అమెరికా బాప్టిస్టు మిషనరీలు 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవారు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమందే. 1853లో ఆ మిషన్ పెద్దలు అమెరికాలో సమావేశమై, నెల్లూరు పనిని మూసివేయాలా అని తీవ్రంగా చర్చించారు. పటంలో ఒంటరిగా కనబడే ఆ స్థలాన్ని ‘ఒంటి నక్షత్రం’ అనడం అప్పుడే మొదలైంది. ఆ మరుసటి సంవత్సరం, 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున, నెల్లూరు మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, నరసు అనే తెలుగు విశ్వాసి, జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలు, మొత్తం అయిదుగురు, ఒంగోలు కొండ ఎక్కి, ఈ పట్టణానికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించి అడిగారు. దానినే మనం ప్రార్థన కొండ అంటున్నాము.

ఆ సేవకుడు, జాన్ ఎవరెట్ క్లౌ, ఒంగోలులో అడుగుపెట్టింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళలో ఒకసారి జూయెట్ ఆరోగ్యం చెడి స్వదేశానికి వెళ్ళినప్పుడు మూసివేత చర్చ మళ్ళీ వచ్చింది. ఎవరు సాయం చేసినా చేయకపోయినా తాను తెలుగువారి మధ్యకే తిరిగి వెళ్తానని ఆయన చెప్పాడు. కొండమీద చేసిన ప్రార్థన గురించి మన సంఘాల్లో ఏటా చెప్పుకొంటాము గాని, ఆ పన్నెండేళ్ళ గురించి అంతగా చెప్పుకోము. నాకు ఆదరణ ఇచ్చింది ఆ ఏళ్ళే. ఆ అయిదుగురూ కొండ దిగి, నెల్లూరుకు తిరిగి వెళ్ళి, ఎప్పటి పనులు అప్పటిలాగే చేసుకొన్నారు. ఏ సూచనా కనబడలేదు.

మీరు ఏడాది ఎదురుచూస్తున్నారనుకోండి, నోటుపుస్తకంలో నెలకొక తేదీ నిర్ణయించుకొని, ఆ రోజున పాత పుటలు తిరిగి చదవండి. ప్రతిరోజూ చదివితే మార్పు కనిపించదు. నెలకొకసారి చదివితే రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, మీరు మరచిపోయిన చిన్న చిన్న ప్రార్థనలు కొన్ని నెరవేరి ఉంటాయి. మా పుస్తకంలో ‘రక్తం దొరకాలి’ అన్న వాక్యం ఉంది. అది దొరికింది, ఆ సంగతి నేను పూర్తిగా మరచిపోయాను. రెండు, మీ కోరికలోనే మార్పు వచ్చి ఉంటుంది. నా భార్య మొదటి ఏడాది ‘నన్ను బాగుచేయి’ అని రాయించింది, మూడో ఏడాది ‘నా మనుమరాలి పుట్టినరోజు చూడనివ్వు’ అని రాయించింది. చూసింది.

మందు మానడం విశ్వాసం కాదు

ఈ మాట రాయడానికే ఈ వ్యాసం మొదలుపెట్టానేమో అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. రెండో ఏడాదిలో మేము ఒక స్వస్థత కూడికకు వెళ్ళాము. అక్కడ ప్రసంగించిన వ్యక్తి, నిజమైన విశ్వాసం ఉన్నవారు యంత్రంమీద ఆధారపడరని చెప్పి, నా భార్య తలమీద చేతులుంచి ప్రార్థించాడు. ఆమె ఆ మాటను నమ్మింది. నేను కాదనలేకపోయాను, కాదంటే నాకు విశ్వాసం లేదంటారేమో అని భయపడ్డాను. ఆ వారం రెండు డయాలసిస్‌లు మానివేసింది. మూత్రం రాని మనిషికి డయాలసిస్ తప్పితే ఒంట్లోని నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఆరోనాటి రాత్రి ఆమె పడుకోలేక, కూర్చుండి ఊపిరికోసం తన్నుకొంటుంటే ఆటోలో ఆసుపత్రికి తీసికొనిపోయాము. బతికింది. ఆ కూడికలో నా మౌనాన్ని నేను ఇప్పటికీ క్షమించుకోలేకపోతున్నాను.

హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో పడి ఉన్నప్పుడు అతడు కోలుకొంటాడన్న వర్తమానాన్ని దేవుడు యెషయా ద్వారా పంపాడు. ఆ వర్తమానం తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద వేయించాడు. పౌలు తన వెంట ఉన్న లూకాను ప్రియమైన వైద్యుడని పిలిచాడు. అందువల్ల ఎవరైనా, ఎంతటి పేరున్న దైవజనుడైనా, మందు మానమంటే ఆయనకు నమస్కారం చేసి, మందు వేసుకొని, ఆయనకోసం కూడా ప్రార్థించండి. పెద్దలు నూనె రాసి ప్రార్థించడం యాకోబు పత్రికలో ఉన్న మంచి ఆచారం, దానిని కోరుకోండి. డాక్టరు చీటీని, అప్పుల లెక్కను, రెండింటినీ పక్కనే ఉంచుకొని కోరుకోండి. అప్పు విషయంలోనూ ఇంతే. బ్యాంకుకు వెళ్ళి వాయిదాల గురించి మాట్లాడకుండా అద్భుతంకోసం కనిపెట్టుకొని ఉండడంవల్ల వడ్డీ పెరగడం తప్ప మరేమీ జరగదు.

బేరం లేని విశ్వాసం

1876 నుంచి 1878 వరకు దక్షిణ భారతాన్ని దహించిన మహాక్షామంలో ఒంగోలు ప్రాంతం కూడా నశించింది. ప్రభుత్వం కరవు పనిగా బకింగ్‌హామ్ కాలువను తవ్విస్తుంటే, క్లౌ అందులో మూడు మైళ్ళకు పైగా పనిని కాంట్రాక్టుగా తీసుకొని వేలమందికి కూలి, గంజి దొరికేటట్లు చేశాడు. పని మధ్య విశ్రాంతి వేళల్లో బోధకులు, ‘ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి’ అన్న వాక్యాన్ని చదివి చెప్పేవారు. బుట్టతో మట్టి మోసే మనిషికి ఆ మాట ఎలా వినబడి ఉంటుందో ఊహించుకోండి. ఎంతోమంది బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. అన్నంకోసం ఎవరూ క్రీస్తును ఒప్పుకోకూడదని, పదిహేను నెలలపాటు ఎవరికీ ఇవ్వకుండా ఆపివేశాడు. క్షామం తగ్గి, చేతిలో పంచడానికి డబ్బు లేని రోజు వచ్చిన తరువాత, అప్పుడు కూడా కావాలన్నవారికే ఇచ్చారు. ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకొంటాము. నాకు మాత్రం ఆ పదిహేను నెలలే ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. ఆ మనుషుల విశ్వాసం అన్నంతో ముడిపడి లేదని వారికి వారే తెలుసుకొనే వ్యవధి అది. మన కష్టంలో కూడా అలాంటి వ్యవధి వస్తుంది. అడిగినది రాదు, ఇచ్చేవాడు మౌనంగా ఉంటాడు. అప్పుడు, ‘ఇది రాకపోయినా నేను ఉంటానా?’ అని మీరు అడగవలసింది మిమ్మల్నే. వెంటనే జవాబు రాకపోతే కంగారుపడవద్దు. నేను పన్నెండోనాడు రాసిన వాక్యంవంటిది ఒకటి రాసి, రేపటికి వాయిదా వేసుకోండి.

బేరం లేకుండా నిలవడం అంటే చేతల్లో కూడా నిలవడమే. నష్టకాలంలో మొదట జారేది మనిషి నిజాయితీ. అకాల వర్షానికి ఆకు దెబ్బతిన్న ఒక ఏడు, వేలం కేంద్రానికి తీసికొనిపోయే బేళ్ళు కడుతున్నప్పుడు, బయటివైపు మంచి ఆకు, లోపల నాసిరకం ఆకు పెట్టి కట్టమని ఒకరు మా నాన్నకు సలహా ఇచ్చారు. ఇంట్లో మా అక్క పెళ్ళి నిశ్చయమై ఉంది. ఆయన ఆ రాత్రి ఆకును గ్రేడు ప్రకారం విడదీసి, చెడినది చెడినదిగానే కట్టాడు. పెళ్ళి ఏడాది వాయిదా పడింది, మా అక్క ఆ సంగతి ఇప్పటికీ కొంచెం నొప్పితోనే చెబుతుంది. దేవుడు ఆయనకు మరుసటి ఏడు రెట్టింపు పంట ఇచ్చాడని చెప్పడానికి నాకు వీలులేదు, ఇవ్వలేదు. కాబట్టి మీ కష్టకాలంలో తప్పు చేయకుండా ఉండవలసిన ఒక్క చోటును, తూకమో, కూలివారి లెక్కో, బీమా కాగితంలో రాసే వయసో, ముందే గుర్తించి నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. శోధన వచ్చిన రోజున ఆలోచించి నిర్ణయించుకోవడం కష్టం. 1866 తరువాత కనిగిరి ప్రాంతంలో యర్రగుంట్ల పేరయ్య అనే విశ్వాసి వెంట విశ్వాసంలోకి వచ్చిన మాదిగ కుటుంబాలు జాతరకు డప్పు వేయబోమని, చచ్చిన పశువును తినబోమని ముందే తేల్చి చెప్పాయి. బావి నీళ్ళు ఆపివేసినప్పుడు వారు కొత్తగా ఆలోచించుకోవలసిన పని లేకపోయింది.

సంఘంలోనివారి మాటలు

‘ఏదో పాపం ఉండి ఉంటుంది, పరీక్షించుకోండి’ అని మీతో ఎవరో ఒకరు తప్పక అంటారు. పుట్టు గ్రుడ్డివాణ్ణి చూసి శిష్యులు కూడా అదే అడిగారు, వీడైనా వీని కన్నవారైనా పాపం చేయలేదని ప్రభువు జవాబిచ్చాడు. ఆ మాటను ఒకసారి చెప్పి ఊరుకోండి, వాదించవద్దు. మందిరానికి పోవడం మాత్రం ఆ మనిషి కారణంగా మానకండి. కూర్చునే చోటు మార్చుకోండి, ఆలస్యంగా వెళ్ళి త్వరగా వచ్చేయండి, పాట పాడలేకపోతే విని ఊరుకోండి. ప్రభు బల్ల ఉన్న ఆదివారం మాత్రం చివరివరకు ఉండండి. మా సంఘ కాపరి అయ్యగారికి నేను ముందే చెప్పి ఉంచాను, సాక్ష్యం చెప్పమని నన్ను పిలవవద్దని. ఆయన రెండేళ్ళపాటు పిలవలేదు. అలా చెప్పడానికి మీకు పూర్తి హక్కు ఉంది.

మీరే ప్రార్థించలేని రోజులు వస్తాయి. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసికొనివచ్చి, కప్పు విప్పి దింపారు. ప్రభువు ఆ నలుగురి విశ్వాసాన్ని చూసి అతనితో మాట్లాడాడని మార్కు సువార్తలో ఉంది. మీకు కూడా నలుగురు కావాలి. వారెవరో ఇప్పుడే ఎన్నుకొని, ‘నేను ప్రార్థించలేకపోతే నా బదులు మీరు చేయండి’ అని నోటితో అడగండి. అడగకుండా ఎవరూ చేయరు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పకపోతే తప్పు అవుతుంది. చనిపోవాలన్న ఆలోచన పదే పదే వస్తుంటే అది విశ్వాసం లోపించడంవల్ల వచ్చిందని దాచుకోవద్దు. ఏలీయాకు వచ్చింది. ఆ రోజే ఇంట్లోనివారికి చెప్పి, డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు. వ్యవసాయం చేసే ఇళ్ళలో పురుగుమందు డబ్బాలు ఇంట్లోనుంచి తీసి, తాళం వేసే చోట, మరొకరి దగ్గర తాళం ఉండేటట్లు పెట్టండి. ఇంట్లో ఎవరికైనా అలాంటి ఆలోచన ఉన్నట్లు అనుమానం కలిగితే అడగడానికి భయపడవద్దు, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు.

ఇంకొకరి కష్టంలోకి వెళ్ళడం

మీ శ్రమ కాలం ముగిసినా, కొనసాగుతున్నా, ఇంకొకరి ఇంటికి వెళ్ళవలసిన రోజు వస్తుంది. యోబు స్నేహితులు ముగ్గురూ మొదట ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు అతనితో ఒక్క మాటైనా పలకకుండా నేలమీద కూర్చున్నారు. వారు చేసిన మేలు అంతా ఆ ఏడు రోజులలోనే ఉంది, నోరు తెరచిన తరువాత తప్పు చేశారు. వెళ్ళినప్పుడు కూర్చోండి. చేతిలో ఏదైనా వండినది ఉంచుకోండి. ‘దేవుడు మంచివాళ్ళనే త్వరగా పిలుచుకొంటాడు’ వంటి మాటలు అనకండి. ప్రార్థన చేయమంటే చిన్నదిగా చేయండి, వద్దంటే నొచ్చుకోకండి.

మొదటి వారంలో అందరూ వస్తారు. ఆదరణ కూడిక అయిపోయిన తరువాత తగ్గిపోతారు. మూడో నెలలో ఇంచుమించు ఎవరూ రారు. అందుకని ఆ ఇంటివారి తేదీని మీ నోటుపుస్తకంలో రాసుకొని మూడో నెలలో తప్పక వెళ్ళండి. నా భార్య పోయిన మూడో నెలలో, సాయంత్రం చీకటిపడే వేళ, మా సంఘంలో నాకు అంతగా పరిచయం లేని ఒక పెద్దావిడ తన పెరట్లోని మునక్కాయలు చెంగులో వేసుకొని వచ్చింది. ‘అయ్యా, అమ్మ ఉన్నప్పుడు మునక్కాయ పులుసు బాగా చేసేదంట గదా’ అంది. వంటింట్లోకి వెళ్ళి తనే వండింది. వండుతున్నంతసేపూ నేను గడపమీద కూర్చున్నాను, ఆమె ఒక్క వాక్యమైనా చదవలేదు. వెళ్ళేటప్పుడు గూట్లో ఉన్న చిన్న స్టీలు గ్లాసును చూసి, అది ఎవరిదని అడిగింది. చెప్పాను. ఆమె దానిని కడిగి, నీళ్ళు నింపి, నా పక్కన పెట్టి వెళ్ళింది.